సౌమ్యకు, రోడ్డు మీద పోలీసులు ఆపినప్పటి సంగతి

డుమస్, సూరత్.

చిరంజీవి సౌమ్యను పెద్దబాపు ఆశీర్వదించి రాయునది. 

మొన్న మగ్దల్లా దగ్గర చెకింగ్‌లో నీ కారు ఆపారనీ, చేతులు వణికి లైసెన్స్ పర్సులోనే ఉన్నా కనపడలేదనీ ఫోన్లో చెప్పావు. ఆ పోలీసాయన ఓపికగా నిలబడి, చూసి, "జావో బెన్" అని పంపించాడు కాబట్టి సరిపోయింది. అయినా నీ గొంతులో ఆ భయం నాకు నచ్చలేదు బిడ్డా. ఫోన్లో నాలుగు మాటలు చెబితే మరిచిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ భయం నాకు కొత్త కాదు. సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ వచ్చి లింబాయత్‌లో, ఉధ్నాలో ఇరుకు గదుల్లో బతికిన మనవాళ్లందరిలో అది ఉండేది. నేను గ్రే బట్ట తాకాలు ఎక్కించుకొని పాండేసరా నుంచి రింగ్ రోడ్ మార్కెట్‌కు టెంపో తోలిన రోజుల్లో చూశాను. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న మనిషి కూడా ఖాకీ బట్టలు కనపడగానే జేబులోకి చెయ్యి పెట్టేవాడు. భాష రాదు, ఊరు మనది కాదు, ఎదురు చెబితే ఏమవుతుందోనని బెదురు. ఆ బెదురులో పోయిన డబ్బుకు లెక్క లేదు. నువ్వు చదువుకున్నావు, హజీరాలో ఉద్యోగం చేస్తున్నావు. ఆ బెదురు నీ తరానికి రాకూడదు.

పోలీసులు ఆపితే ఆగాలి. ఇందులో రెండో మాట లేదు. ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి ఎడమ పక్కకు తీసుకో. హజీరా వెళ్లే దారిలో వంతెన మీద ఉంటే అక్కడే బ్రేకు వేయకు. వెనక లారీలు వస్తుంటాయి, దిగిన తర్వాత ఆపుతున్నట్టు చేత్తో సైగ చెయ్యి. ఇంజన్ ఆపు, అద్దం దించు, రాత్రయితే లోపలి లైటు వెయ్యి. చేతులు స్టీరింగ్ మీద కనపడేలా ఉంచు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు అక్కడ మొదట నేర్పేది ఇదే. అక్కడ చెప్పకుండా కారు దిగడం, గబుక్కున డ్యాష్‌బోర్డు తెరవడం ప్రాణం మీదికి తెస్తాయి. మన దగ్గర అంత లేదుగానీ, చీకట్లో కారు దగ్గరికి నడిచి వచ్చే పోలీసుకు కూడా లోపల ఎవరున్నారో తెలియదని గుర్తుపెట్టుకో. "నమస్తే సాహెబ్" అను, ఎందుకు ఆపారో అడుగు. హిందీ చాలు, తడబడినా ఫరవాలేదు.

చెకింగ్ చూసి దూరం నుంచే బండి తిప్పుకొని రాంగ్ సైడ్‌లో పారిపోయే కుర్రాళ్లను ఈ డుమస్ రోడ్డు మీద ఆదివారాల్లో చూస్తూనే ఉంటాను. గుండె ఝల్లుమంటుంది. సీటు బెల్టు పెట్టుకోకపోతే గుజరాత్‌లో జరిమానా 500 రూపాయలు. 2019లో కేంద్రం చట్టం మార్చి 1,000 చేస్తే, ఇక్కడి ప్రభుత్వం సగానికి తగ్గించింది. హెల్మెట్‌కూ అంతే. ఆ 500 తప్పించుకోవడానికి ఎదురు దారిలో తోలితే అది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్. దానికి జైలు కూడా ఉంది. కళ్ల ముందు ఆ నేరం చేసినవాణ్ణి వారెంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు 202వ సెక్షన్ ఇస్తుంది. ఎదురుగా వచ్చేవాణ్ణి గుద్దితే ఇక చెప్పేదేముంది, రెండు ఇళ్లు మునుగుతాయి.

కాగితాల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం ధైర్యం అక్కడే ఉంది. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. ఈ నాలుగింటికీ తేదీలు సరిగ్గా ఉంటే నిన్ను ఎవరూ ఎక్కువసేపు నిలబెట్టరు. డిజీలాకర్‌లోనో, ఎం-పరివాహన్ యాప్‌లోనో చూపిస్తే చెల్లుతుంది, 2018 నుంచి కేంద్రం ఆ వీలు ఇచ్చింది. వాట్సాప్‌లో దాచుకున్న ఫోటో మాత్రం చెల్లదు. అయినా లైసెన్స్ కార్డు పర్సులో పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోయే రోజు ఒకటి వస్తుంది. లైసెన్స్, ఆర్‌సీ నిజంగానే దగ్గర లేకపోతే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు. వాటిని పదిహేను రోజుల్లోపు చూపించుకునే వీలు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది.

నీ కారు మీ బాపు సిరిసిల్లలో కొన్నది, టీఎస్ నంబరు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి ఆర్టీవోలో కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. బయటి నంబరు కళ్లబడితే ఆపడం సహజం. దానికి మనసు కష్టపెట్టుకోకు, కానీ కొత్త నంబరుకు కావాల్సిన పన్ను, ఎన్‌ఓసీ పని ఈ దీపావళిలోపే మొదలుపెట్టు.

లైసెన్స్ అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలని చట్టం చెబుతుంది. యూనిఫాం లేకుండా నలుగురు చీకట్లో బండికి అడ్డం వస్తే దిగకు, అద్దం దించకు. మెల్లగా వెలుతురు ఉన్న చోటికి, పెట్రోల్ బంకు దగ్గరికి పోనిచ్చి 112కు ఫోన్ చెయ్యి. చౌరస్తాల్లో ట్రాఫిక్ నడిపే టీఆర్‌బీ పిల్లలు కనపడతారు. వాళ్లు పోలీసులు కారు, ట్రాఫిక్ బ్రిగేడ్‌లో గౌరవ వేతనానికి పనిచేసేవాళ్లు. వాళ్లు చెయ్యి చూపిస్తే ఆగు, ఎండలో నిలబడే పిల్లలు, మర్యాదగా మాట్లాడు. కాగితాలు పరిశీలించడం, జరిమానా వసూలు చేయడం మాత్రం వాళ్ల పని కాదు.

తప్పు నీదైతే ఒప్పుకొని మెమో తీసుకో. ఇక్కడ చలానాను మెమో అంటారు, కెమెరా పట్టుకుంటే ఇంటికి వచ్చేది ఈ-మెమో. డబ్బు కట్టావంటే చేతిలో పావతి ఉండాలి. "సాహెబ్, పావతి ఆపో", రసీదు ఇవ్వండి అని నెమ్మదిగా అడుగు. లైసెన్స్ స్వాధీనం చేసుకుంటే దానికీ రసీదు ఇవ్వాలి. 206వ సెక్షన్ ప్రకారం ఇచ్చే ఆ కాగితమే, అందులో రాసిన గడువు దాకా నీకు లైసెన్స్.

పక్కన కూర్చున్న స్నేహితులు "ఎందుకీ తలనొప్పి, చాయ్ పానీకి ఏదో ఇచ్చి పోదాం" అంటారు. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా చెబుతున్నాను, ఇవ్వొద్దు. 2018లో అవినీతి నిరోధక చట్టం సవరించాక లంచం ఇచ్చినవాళ్లకు కూడా ఏడేళ్ల దాకా జైలు రాసి ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకే రక్షణ. గుజరాత్ ఏసీబీ ఉచిత నంబరు 1064. అన్నిటికంటే పెద్ద నష్టం ఏమిటంటే, నువ్వు ఇచ్చిన రెండు వందలు రేపు అదే దారిలో వచ్చే పేద టెంపోవాలాకు రేటు అయి కూర్చుంటుంది. మన లింబాయత్ మనుషులు ఆ రేటు ఎన్ని ఏళ్లు కట్టారో నాకు తెలుసు.

తప్పు నీది కాదనిపిస్తే? అక్కడ గెలవాలని చూడకు. రోడ్డు పక్కన గొంతు పెరిగితే నష్టపడేది నువ్వే. ఆయన ఛాతీ మీద పేరు ఉంటుంది, అది చదువు. సమయం, చోటు రాసుకో. మెమో ఒప్పుకోకుండా కోర్టులో చెప్పుకునే హక్కు నీకుంది, అక్కడ చెప్పుకో. ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తీయడం ఈమధ్య కుర్రకారుకు అలవాటైంది. నిజంగా అన్యాయం జరుగుతుంటే తీయి, నేను కాదనను. మామూలు చెకింగ్‌లో మొదటి నిమిషం నుంచే కెమెరా ఎత్తితే సాఫీగా పోయే పని కూడా చెడుతుందని నా అభిప్రాయం.

ఇక గుజరాత్‌కే ప్రత్యేకమైన సంగతి. ఇది మద్యనిషేధ రాష్ట్రం. డామన్ నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చేటప్పుడు ఎవరో ఒక సీసా నీ డిక్కీలో పెడితే, దాన్ని పెట్టినవాడితో పాటు నీ మీదా కేసు పడుతుంది, కారు కూడా పోలీసుల చేతికి పోతుంది. మన ఊళ్లో వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటేనే డ్రంకెన్ డ్రైవ్ కేసు. ఇక్కడ పర్మిట్ లేకుండా తాగడమే నేరం, తోలినా తోలకపోయినా. హైదరాబాద్ నుంచి వచ్చే నీ స్నేహితులకు బండి ఎక్కకముందే ఈ మాట చెప్పు. డిక్కీ తెరవమంటే తెరువు, అయితే నువ్వు పక్కనే నిలబడి చూడు.

ఫోన్ తెరిచి చూపించమంటే మాత్రం అది వేరే సంగతి. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, గంజాయి మాట కోసం చాటింగ్‌లు వెతికితే దేశమంతా తప్పుపట్టింది. బండి కాగితాలకూ నీ వాట్సాప్‌కూ సంబంధం లేదు. "ఏ కేసులో అడుగుతున్నారు సాహెబ్?" అని అడుగు. డిజీలాకర్ చూపించేటప్పుడు కూడా ఫోన్ నీ చేతిలోనే ఉండాలి.

స్టేషన్‌కు రమ్మంటే కారణం అడుగు, ముందు నాకు ఫోన్ చెయ్యి. అరెస్టు అంటే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలియజేయాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో చెప్పిన చాలా జాగ్రత్తలు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉన్నాయి. పొద్దు గూకిన తర్వాత, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఇది నీ మనసులో ఉంచుకో, అవసరం రాకూడదనే కోరుకుంటాను.

డుమస్ వచ్చినప్పుడు బీచ్ ఇసుక మీదికి కారు దింపకు. నిషేధం ఉంది. 2025 జులైలో ఒక ఖరీదైన కారు బురద ఇసుకలో దిగబడి, ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. రోడ్డు మీద పార్కింగ్‌లో పెట్టి నడిచి రా, టమాటా భజియా కొట్లు నాలుగు అడుగుల దూరమే. ఇంకొక మాట, ఈ-మెమో పేరుతో వాట్సాప్‌లో యాప్ ఫైల్ వస్తే తెరవకు, అది బ్యాంకు ఖాతా దోచేవాళ్ల పని. అసలు మెమో పరివాహన్ వెబ్‌సైట్‌లో కనపడుతుంది. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చెయ్యి.

ఈ రాత్రే నీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ల చివరి తేదీలు చూసి రేపు పొద్దున నాకు ఫోన్‌లో చెప్పు. గడువు దగ్గర పడి ఉంటే ఆదివారం ఇద్దరం కలిసి పోయి చేయించుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దబాపు