తడి కట్టె ఎక్కడుంది?

చిరంజీవి మేనకోడలికి,

ఎం.ఏ.లో ఫిలాసఫీ తీసుకున్నావని తెలిసిన రోజునుంచీ మీ అమ్మది ఒకటే మాట: "అది చదివి ఏం చేస్తుందిరా?" నువ్వు అడిగింది వేరు. చదవడం సరే, తత్త్వశాస్త్రాన్ని సాధన చేయడమంటే ఏమిటని. మీ అమ్మకు తర్వాత చెబుతాను, ముందు నీకు.

ఎవరైనా నాలుగు మాటలు గంభీరంగా మాట్లాడితే చాలు, 'ఫిలాసఫీ చెబుతున్నాడు' అంటారు మనవాళ్లు. నా లెక్కలో అసలు పని ఆ మాటలు అయ్యాక మొదలవుతుంది. 'ఎందుకలా అంటున్నావు?' అని అడగాలి. చెప్పిన కారణంతో ఆ మాట నిలుస్తుందో లేదో చూడాలి.

తర్కసంగ్రహంతో మొదలుపెట్టు. 17వ శతాబ్దిలో అన్నంభట్టు కొత్తగా చదువుకునేవాళ్ల కోసం రాసిన చిన్న పుస్తకం. కొండమీద పొగ కనిపిస్తోంది కాబట్టి నిప్పుంది అనడం సరే. దాన్నే తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. మనం చెప్పిన కారణం చాటున దాగి అసలు పని చేసే ఈ తడి కట్టెను నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం చెప్పినవాళ్లు, ఉపాధి అన్నారు.

ఇక నీ చుట్టూ చూడు. 'ఆ కాలేజీలో చేరితే ర్యాంకు ఖాయం' అంటారు. ముందే పరీక్ష పెట్టి చురుకైన పిల్లలను ఏరుకుంటున్నారేమో ఎవరూ అడగరు. 'ఫలానావాళ్లకు చదువు అబ్బదు' అని ఇంకా తేలిగ్గా అనేస్తారు. తరాల తరబడి వాళ్లను బడి గడప తొక్కనివ్వని సంగతి ఆ మాటలో కనిపించదు. మొదటి పొరపాటుకు ఫీజు డబ్బులు పోతాయి, రెండోదానికి మనుషుల బతుకులే పోతాయి. ఈ విద్య ఎందుకంటే నా జవాబు ఇదే.

ఇందులో సగం పని ఎదుటివాళ్ల మాటతో. మన శాస్త్రకారులు ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదం చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతానికి వచ్చేవారు. 14వ శతాబ్దిలో సర్వదర్శనసంగ్రహం రాసిన మాధవుడు అద్వైతి. అయినా ఆ పుస్తకాన్ని పరలోకమూ లేదు, వేదమూ ప్రమాణం కాదన్న చార్వాకులతో మొదలుపెట్టాడు. చార్వాకుల సొంత గ్రంథాలు చాలావరకు నశించాయి. వాళ్ల గురించి ఈనాడు మనకు తెలిసింది ఎక్కువగా వాళ్లను ఖండించినవాళ్ల రాతల వల్లే. అవన్నీ న్యాయంగా రాశారని చెప్పను, వెక్కిరింపులూ ఉన్నాయి. నువ్వు మాత్రం ఎదుటివాడు 'అవును, నేనన్నది ఇదే' అని ఒప్పుకునేలా అతని వాదాన్ని చెప్పగలిగిన తర్వాతే జవాబుకు దిగు.

న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండం. టీవీ పెడితే చివరి రెండూ కావలసినన్ని దొరుకుతాయి. తర్కం నేర్చిన కొత్తలో నీకూ వాటిమీదికే మనసు పోతుంది, జాగ్రత్త. కారణం అడగడం ముందు నీ సొంత నమ్మకాలతో మొదలుపెట్టు, ఇంట్లోవాళ్లమీద ప్రయోగించకు.

మీ అమ్మ ప్రశ్న కూడా తేలిగ్గా తీసెయ్యకు. డిగ్రీ పట్టా చూసి ఉద్యోగం రాకపోవచ్చు, ఆవిడ భయంలో న్యాయం ఉంది. ముందు ఆ మాట ఒప్పుకుని, అప్పుడు నీ కారణాలు చెప్పు. నీకు మొదటి పూర్వపక్షం ఇంట్లోనే దొరికింది.

దసరాకు వచ్చేటప్పుడు ఒక పని చేసుకురా. నువ్వు బలంగా నమ్మే మాట ఒకటి తీసుకుని, దానికి ఎదురు వాదాన్ని ఒక పేజీలో రాయి. అది చదివి నువ్వు ఏ పక్షమో నేను పోల్చుకోలేకపోతే, చదువు సరైన దారిలో పడినట్టే.

మీ మామయ్య