క్రొత్త ఊరిలో కాపురము

తెలుగులో కాపురమను మాటకు రెండర్థములు కలవు. ఒక చోట నివసించుట కాపురము. భార్యాభర్తలు కలిసి బ్రదుకుటయు కాపురమే. "వారు విజయనగరములో కాపురమున్నారు" అని చెప్పుదుము. "వారు చక్కగా కాపురము చేసికొనుచున్నారు" అనియు చెప్పుదుము. అనువాదపు పనిలో అనేక సంవత్సరములు గడిపిన నాకు, ఈ రెంటిని ఒక్కచోట ఇముడ్చుకొనిన మాట ఇంగ్లీషులో దొరకలేదు. ఇల్లు ఎట్లుండునో దాంపత్యమును అట్లే యుండునని మన పెద్దలు ఎరిగియే ఈ మాటను వాడిరి కాబోలు. స్వస్థలము విడిచి దూరదేశములో ఇల్లు పెట్టుకొను దంపతులను గూర్చి ఈ పాఠములో ధ్యానింతము. యిర్మీయా గ్రంథము 28, 29 అధ్యాయములను, అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమును ముందుగా చదివి రండి.

దూరదేశమనగానే మనకు అమెరికాయో, గల్ఫు దేశములో జ్ఞాపకము వచ్చును. అయితే పాస్‌పోర్టు అక్కరలేని దూరదేశమొకటి మనకున్నది. విశాఖపట్నము రేవు నుండి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరమున, ఓడలో రెండు మూడు దినముల ప్రయాణమున, అండమాను ద్వీపములున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ ద్వీపముల జనసంఖ్య 3,80,581. వారిలో ప్రతి 100 మందిలో సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరముల నుండి చేపల వేటకును కూలిపనులకును వెళ్లిన కుటుంబములు అక్కడ తరతరములుగా స్థిరపడియున్నవి. వీరుగాక, ప్రభుత్వోద్యోగము వలననో, బ్యాంకు బదిలీ వలననో, నౌకాదళపు కొలువు వలననో ఏటేట క్రొత్తగా దిగు యువదంపతులు కలరు. ఈ పాఠము ప్రత్యేకముగా వీరి కొరకు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్‌బ్లెయిరులో అద్దె యిల్లు దొరకుట ఒక ప్రయాస. దొరికిన పిమ్మట అసలు పాఠములు మొదలగును. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ఊరిలోనే, ఎండకాలములో కుళాయి నీరు రెండు మూడు దినములకొకసారి వచ్చును. పట్టణమునకు నీరిచ్చు ధనిఖరి ఆనకట్టలో నీరు తగ్గినకొలది ఆ ఎడము పెరుగును. గనుక మంచము కొనకమునుపే డ్రమ్ములు కొనవలెను. నీరు వచ్చు వేళ ఎప్పుడో ప్రక్కింటివారికి తెలియును గాని, వారిని అడుగుటకు హిందీ రావలెను. ద్వీపములు మన దేశమునకు మిక్కిలి తూర్పుగా నుండుటచేతను, గడియారము మాత్రము మనదే యగుటచేతను, డిసెంబరు మాసములో సాయంత్రము 5 గంటలు దాటగానే చీకటి పడును. భర్తకు కార్యాలయమున్నది, అక్కడ మాటలాడు మనుష్యులున్నారు. భార్యకు నాలుగు గోడలు, విప్పని పెట్టెలు, త్వరగా వచ్చు ఆ చీకటియు ఉన్నవి. ఆమె ఏడ్చినయెడల అది బలహీనత అని యెంచకూడదు.

పెట్టెలు ఎందుకు విప్పలేదని అడిగినయెడల వచ్చు జవాబు దాదాపు అన్ని యిండ్లలోను ఒక్కటే: "రెండేండ్లే గదా, తరువాత మెయిన్‌ల్యాండుకు వెళ్లిపోవుదుము."

రెండేండ్లను ఈ మాట బైబిలులో మునుపే వినబడినది. యిర్మీయా 28వ అధ్యాయములో హనన్యా అను ప్రవక్త యెరూషలేము దేవాలయములో నిలిచి, బబులోనుకు చెరపట్టబడినవారు రెండు సంవత్సరములలోగా తిరిగి వత్తురని ప్రకటించెను. వినుటకు ఎంత తీయని మాట! దానిని నమ్మిన చెరవాడు ఇల్లు ఎందుకు కట్టుకొనును? విత్తనము ఎందుకు నాటును? హనన్యా చేసిన హాని కేవలము లెక్క తప్పుట కాదు. అతని మాట బబులోనులోని ప్రతి కుటుంబమును మూటల మీద కూర్చుండబెట్టెను. దానికి విరుగుడుగా 29వ అధ్యాయములో యిర్మీయా వ్రాసిన ఉత్తరమున్నది. ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియు, తోటలు నాటుడనియు, వివాహములు చేసికొని పిల్లలను కనుడనియు, తమ్మును చెరగొనిపోయిన ఆ పట్టణపు క్షేమము కొరకే ప్రార్థించుడనియు దాని సారాంశము. కాపురముండుటను సూచించు హెబ్రీ క్రియకు మొదటి అర్థము కూర్చుండుట. నిలువుకాళ్ల మీద ఉన్నవాడు ఇంకను కాపురము పెట్టలేదన్నమాట.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతిని గమనింపుడి. ఆ ఉత్తరము వచ్చినది స్వదేశము నుండియే. స్వదేశమే వారికి వ్రాసి, ఇకమీదట మీ దృష్టి ఇక్కడ నిలుపక అక్కడ నిలుపుడని చెప్పుచున్నది. నేటి స్థితి వేరు. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్ర గర్భములో వేసిన కేబులు ప్రారంభమైన నాటి నుండి ద్వీపములలో ఇంటర్నెట్టు మెరుగుపడినది. తల్లిదండ్రుల ముఖములను ప్రతి దినము చూడగలుగుట గొప్ప మేలు. దానిని నేను తక్కువ చేయను. అయితే ప్రతి సాయంత్రము మూడు గంటలు ఫోనులోనే గడిచినయెడల, అన్నము పోర్ట్‌బ్లెయిరులో ఉడుకుచుండగా మనస్సు నరసన్నపేటలో కాపురముండును. తల్లులారా, మీకును ఒక మాట. "ఎప్పుడు వచ్చెదవమ్మా?" అని దినదినము అడుగుటకంటె, "ఇవాళ ఎవరింటికి వెళ్లితివి?" అని అడుగుట మీ కుమార్తెకు మేలు.

మనము ఈ లోకములో యాత్రికులము, పరదేశులము గదా, ఇంటిని గూర్చి ఇంత చింత ఎందుకని కొందరు భక్తులు అభ్యంతరము చెప్పుదురు. ఆ బోధ సత్యమే. గాని దానిని సోమరితనమునకు తెరగా వాడుట నేనంగీకరింపను. యాత్రికులకు మూలపురుషుడైన అబ్రాహాము గుడారములలో నివసించెను. అయినను బెయేర్షెబాలో చెట్టు నాటెనని ఆదికాండము 21వ అధ్యాయము చెప్పుచున్నది. నాటినవానికి దాని నీడ ఎంతకాలము దక్కునో లెక్క చూచుకొని నాటలేదు.

ద్వీపముల చరిత్రయు ఈ సంగతినే వేరొక విధముగా చూపుచున్నది. 1858 మార్చిలో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల వలసను స్థాపించిరి. ఆ కాలపు ఖైదీలలో కొన్ని సంవత్సరములు కఠినశ్రమ చేసి సత్ప్రవర్తన చూపినవారికి భూమి యిచ్చి, స్వంతముగా బ్రదుకుటకు సెలవిచ్చుచుండిరి. వారు స్వదేశము నుండి భార్యను పిలిపించుకొనవచ్చును, లేదా ఖైదీలైన స్త్రీలలో ఒకతెను వివాహమాడవచ్చును. పట్టణములోని షాదీపూర్ అను పేటకు ఆ వివాహముల వలననే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఒకే భాష ఎరుగని స్త్రీపురుషులు అట్లు ఇండ్లు పెట్టుకొనిరి. వారి పిల్లలు ఇండ్లలో మాటలాడిన హిందుస్తానీయే నేడు ద్వీపములన్నిటికి ఉమ్మడి భాష. 1925లో బర్మా నుండి అడవి పనికై వచ్చిన కరెన్ క్రైస్తవ కుటుంబములు మాయాబందరు సమీపమున వెబీ అను గ్రామమును కట్టుకొనిరి; వారి సంతతివారు నేటికిని అక్కడ నున్నారు. కాలాపానీ అని భయపెట్టబడిన చోట మనుష్యులు కాపురములు చేసిరి. అద్దె యింటిలో దిగిన మనకు అంత కష్టము లేదు.

ఇప్పుడు దాంపత్యమునకు సంబంధించిన సంగతికి వచ్చెదము. పురుషుడు తలిదండ్రులను విడిచి భార్యను హత్తుకొనునని ఆదికాండము 2వ అధ్యాయములోని మాటను పెండ్లినాడు అందరము వింటిమి. మన కుటుంబములలో ఆ విడుచుట సాధారణముగా మాటకే పరిమితము. కోడలే తన వారిని విడిచి వచ్చును. సముద్రము దాటినప్పుడు మాత్రము ఇద్దరును విడిచినవారగుదురు. అత్త లేదు, మరిది లేడు, సలహా చెప్పు పిన్ని లేదు. ఇందులో స్వేచ్ఛ ఉన్నది, అపాయమును ఉన్నది. తల్లి, అక్క, స్నేహితురాలు, ఇరుగుపొరుగు, ఇంతమంది చేయు పని ఒక్క భర్త మీద పడును. అతని భారమంతయు ఆమె మీద పడును. ఏ మనిషియు ఇంత మోయలేడు. మొదటి ఆరు నెలలలో వచ్చు కలహములలో చాలవరకు ఈ బరువు వలన పుట్టినవే గాని ప్రేమ తరిగి పుట్టినవి కావు.

భర్తకు ధర్మశాస్త్రములో ఒక నియమమున్నది. ద్వితీయోపదేశకాండము 24:5 ప్రకారము క్రొత్తగా పెండ్లాడినవానిని యుద్ధమునకు పంపరాదు, ఏ పనిభారమును అతనిమీద మోపరాదు; ఒక సంవత్సరము ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెను. మన కార్యాలయములు అంత సెలవు ఇయ్యవు. అయినను, నీరు వచ్చు దినమున డ్రమ్ములు నింపుటకు ఇంటనుండుడి. ఆదివారమైనను ఆమెతో బజారుకు నడచి వెళ్లి, కూరలమ్మువారితో ఆమెనే మాటలాడనియ్యుడి. "నీకు భాష రాదు, నేనడిగెదను" అని అడ్డుపడు భర్త దయగలవాడే. కాని ఆ దయ ఆమెను మరియొక సంవత్సరము మూగదానిని చేయును.

ఇంతకంటె గొప్ప ఉపాయమును అకుల ప్రిస్కిల్లలు మనకు చూపిరి. క్రొత్త నిబంధనలో ఈ దంపతుల పేర్లు ఆరుసార్లు వచ్చినవి. ఆరుసార్లును ఇద్దరి పేర్లు కలిసియే వచ్చినవి. అకుల పొంతులో పుట్టినవాడు. రోములో నుండగా, క్రీస్తుశకము 49 ప్రాంతమున క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొట్టెను. అక్కడనుండి కొరింథు, పిమ్మట ఎఫెసు, మరల రోము, చివరకు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాటికి మరల ఎఫెసు. బదిలీలు మనకే కలవని అనుకొనకుడి! డేరాలు కుట్టు వృత్తి వారిది. ఇతరులకు గుడారములు కుట్టి యిచ్చి తాము ఊరూరు మారిరి.

అపొస్తలుల కార్యములు 18:2ను నిదానించి చదువుడి. పౌలు వారిని కలిసికొనునప్పటికి వారు ఇటలీ నుండి క్రొత్తగా వచ్చినవారని లూకా ప్రత్యేకముగా చెప్పుచున్నాడు. అనగా వారి కాపురము ఇంకను కుదురుకొనలేదు. త్రవ్వకములలో బయల్పడిన కొరింథు అంగళ్లు మూడు నాలుగు మీటర్ల వెడల్పు గలవి. అట్టి గదిలో పని, దానిపైన మచ్చుమీద నిద్ర, చేతిపనివారి సంసారము సాధారణముగా ఇంతే. ఆ స్థితిలోనే వారు మూడవ మనిషిని చేర్చుకొనిరి. ఇల్లు సర్దుకొనిన తరువాత పిలుతమని వారు తలంచియుండినయెడల పౌలు వేరొక చోటు వెదకుకొనియుండును. ఎఫెసులోను ఇట్లే జరిగెను. అపొల్లో బోధలో కొరత కనబడగా వారు సమాజమందిరములో అతనిని ఎదిరింపక, తమయొద్ద చేర్చుకొని విశదపరచిరి. సరిదిద్దుటకును వారికి ఇల్లే దొరికినది.

నాలుగు కుర్చీలు వచ్చువరకు, తెరలు కట్టువరకు, గ్యాసు కనెక్షను మారువరకు ఎవరిని పిలువని దంపతులను చూచితిని. ఆ కుర్చీలు వచ్చునప్పటికి పిలువవలెనను కోరిక పోయినది. పెట్టెమీద గుడ్డ పరచి టీ యిచ్చినయెడల అతిథి తప్పుపట్టడు. జంగ్లీఘాటులో ముప్పది ఏండ్లుగా నున్న ఒక తెలుగు అవ్వ వచ్చి ఒక పూట కూర్చున్నయెడల, నీరు, చేపలు, వైద్యుడు, ఓడ టిక్కెట్లు, వీటిని గూర్చి ఏ కార్యాలయమును చెప్పని సంగతులను చెప్పిపోవును. తెలుగువారినే గాక, ప్రక్కనున్న బెంగాలీ కుటుంబమునో, రాంచీ నుండి వచ్చినవారినో కూడ పిలువుడి. దంపతులు ఒకరిమీద ఒకరు మోపిన బరువులో కొంత అట్టి సాయంకాలమున దిగిపోవును. అతిథి వెళ్లిన తరువాత ఇద్దరికి మాటలాడుకొనుటకు క్రొత్త సంగతులుండును. ఇదియు చిన్న లాభము కాదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములో పౌలు ప్రిస్కిల్లకును అకులకును, వారి యింటనున్న సంఘమునకును వందనములు చెప్పి, వెంటనే ఎపైనెటు అనువానిని పేర్కొనుచున్నాడు. ఇతడు ఆసియలో క్రీస్తుకు ప్రథమఫలమట. ఆసియకు ముఖ్యపట్టణము ఎఫెసు, ఆ దంపతులు రోముకు మరలకమునుపు కాపురమున్న ఊరు. అక్కడ వారి గడప తొక్కినవాడే ఇప్పుడు ఇంత దూరమున రోములో వారి యింటి ప్రక్కన కనబడుచున్నాడని వ్యాఖ్యాతలు కొందరు తలంచుదురు. నేనును అట్లే తలంచుచున్నాను.