బోటు మీద గుండె ఆగితే చెయ్యేయొచ్చా?

ప్రశ్న: సెలవులొస్తే కుటుంబమంతా గండికోటకు వెళ్లి బోటెక్కుతుంటాం. నీళ్ల మధ్యలో ఎవరికైనా గుండె ఆగితే పక్కనున్నవాళ్లు ఏమైనా చేయొచ్చా? మనిషి దక్కకపోతే కేసు మన మెడకు చుట్టుకోదా? గుండెకు షాకిచ్చే యంత్రం బోటులో పెట్టమని అడిగే హక్కుందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు మీ భయం సంగతి. స్పృహలేని మనిషి అనుమతి ఇవ్వలేడు. అనుమతి ఇవ్వగల అయినవాళ్లు పక్కన లేనప్పుడు, అతని మేలు కోరి సద్బుద్ధితో చేసిన పని వల్ల హాని జరిగినా అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది. ఛాతీ నొక్కేటప్పుడు పక్కటెముక విరగొచ్చు. అందుకు మిమ్మల్ని జైల్లో పెట్టరు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ రక్షణ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. ఈ 30వ సెక్షన్‌కు మాత్రం రోడ్డు, నీరు అన్న తేడా లేదు.

జమ్మలమడుగు నుంచి గండికోటకు దాదాపు 15 కిలోమీటర్లు. 108 ఎంత వేగంగా వచ్చినా, బోటు ఒడ్డుకు చేరే సమయం కూడా కలుపుకోవాలి. గుండె ఆగాక ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అందుకే ఏఈడీ అనే ఆ చిన్న పెట్టె బోటులోనో, కనీసం బోటెక్కే చోటో ఉండాలంటాను. దాన్ని వాడటానికి డాక్టరే కానక్కర్లేదు. మూత తీసి ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. తడి ఛాతీని గుడ్డతో బాగా తుడిచి ప్యాడ్లు అంటించాలి. షాక్ అవసరం లేని గుండెకు అది షాక్ ఇవ్వదు. మునిగిన మనిషికైతే ముందు నోటితో ఊపిరి ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి.

ఇక హక్కు సంగతి. టిక్కెట్టు కొన్న మీరు వినియోగదారులు. బోటు ప్రభుత్వ సంస్థదైనా, ప్రైవేటుదైనా అంతే. ఏఈడీ లేదన్న ఒక్క కారణంతో కేసు గెలుస్తారని మాత్రం చెప్పలేను. లైఫ్ జాకెట్ ఇవ్వకపోవడం, ఆపదలో సాయం చేయకపోవడం సేవాలోపమని వాదించడానికి గట్టి ఆధారాలే. ప్రాణాలకు ముప్పయ్యేలా జనాన్ని కుక్కి ఎక్కిస్తే న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మనుషులు చనిపోతే 106వ సెక్షన్ వర్తిస్తుంది. 2017లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాల్లో ఎన్ని కుటుంబాలు చెదిరిపోయాయో తలచుకుంటే ఇవి చిన్న శిక్షలే అనిపిస్తాయి.

ఈ హక్కు బోటుకే పరిమితం కాదు. విశాఖలో స్కూబా డైవింగ్‌కు వెళ్తే 'ఏం జరిగినా మాకు సంబంధం లేదు' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ సంతకం నిర్వాహకుడి నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. దావాకు విశాఖ దాకా తిరగనక్కర్లేదు కూడా. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే కడప కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. టిక్కెట్టు, ఫోన్లో తీసిన ఫొటోలు జాగ్రత్తగా దాచుకోండి. సలహాకు 1915కు, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

గండికోటలోనూ, పులివెందుల దగ్గర పార్నపల్లె రిజర్వాయరులోనూ బోటెక్కే చోట ఏఈడీ పెట్టాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.