నలుపే లోతున నీలం

చర్మం: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నా ఎడమ చేతి వెనక చిన్నప్పటి నుంచీ కందిగింజంత నీలం పుట్టుమచ్చ ఉంది. చర్మవైద్యురాలు టార్చిలాంటి పరికరం ఆనించి చూసి, భయం లేదన్నారు. ఒంట్లో నీలం రంగు ఎక్కడిది? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ మచ్చల్లో నీలం రంగు పదార్థమేమీ ఉండదు. ఉండేది మెలనిన్, అది గోధుమ, నలుపు రంగుల్లోదే. ఎంత లోతున ఉందన్నదాన్ని బట్టి కంటికి రంగు మారుతుంది. పైపైన ఉంటే నలుపు, కాస్త కిందికైతే గోధుమ, లోపలి చర్మంలోకి దిగితే బూడిద, ఇంకా లోతుకు పోతే నీలం. ఎర్రని కాంతి లోపలిదాకా వెళ్లి మెలనిన్‌లో ఇంకిపోతుంది. నీలికాంతి మాత్రం దారిలోనే చెదిరి వెనక్కి వస్తుంది. దీన్ని టిండాల్ ప్రభావం అంటారు.

నానమ్మల ముంజేతి మీది పచ్చబొట్టు చూస్తే సంగతి తెలిసిపోతుంది. సూదితో పొడిచింది నల్లని దీపపు మసి. మానిన చర్మం కింద అదే నీలం కలిసిన పచ్చగా తేలింది, పేరు కూడా అలాగే స్థిరపడింది.

వైద్యురాలు వాడింది డెర్మోస్కోప్. మచ్చను సుమారు పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. వివరాలను బట్టి ఇది బ్లూ నీవస్ కావచ్చు. 1906లో మాక్స్ టీషే వర్ణించిన మచ్చ ఇదే. కటకం కింద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే ఉక్కునీలం. సాధారణంగా చుక్కలు, వల అల్లిక కనిపించవు. అయితే వేరేచోట నుంచి పాకిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డ కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే "ఎన్నేళ్లుగా ఉంది, పెరిగిందా?" అన్న ప్రశ్నకు జవాబు కూడా రంగంత ముఖ్యం.

ప్రశ్న: అమ్మకు అరవై రెండేళ్లు. ముక్కు పక్కన నల్లటి కాయలాంటిది మెల్లగా పెరుగుతోంది, గోకితే రక్తం వస్తోంది. లోపల నీలి ముద్దలున్నాయి, తీసేయాలి అంటున్నారు. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వైద్యుల అనుమానం బహుశా బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మీద. తెల్లచర్మం మీద ఇది ఎక్కువగా గులాబీ రంగులో ముత్యంలా మెరుస్తుంది. మన చర్మంలో చాలావరకు నల్లగా వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు పుట్టుమచ్చే అనుకుంటారు. కటకం కింద నీలిబూడిద రంగు కోడిగుడ్డు ఆకారాలు, అంచున ఆకుల్లాంటి గోధుమ మరకలు, పైన చెట్టుకొమ్మల్లా చీలిన రక్తనాళాలు కనిపిస్తాయి. దూరం పాకడం అరుదు. కానీ ఉన్నచోటే తొలుచుకుంటూ పోతుంది. ముక్కు పక్కన ఆ తొలిచే పనికి ఎక్కువ గడువివ్వకూడదు.

ప్రశ్న: మా పాపాయి నడుము కింద పుట్టినప్పటి నుంచీ నీలం మరక ఉంది. దెబ్బా? – ఒక తల్లి, కర్నూలు

జవాబు: పుట్టుకతోనే ఉంది కాబట్టి మంగోలియన్ మచ్చ కావచ్చు. ఎక్కువమందిలో కొన్నేళ్లకు మాసిపోతుంది. తర్వాత ఎవరూ కమిలిన గాయం అనుకోకుండా పాపాయి వైద్య రికార్డులో రాయించాలి.

ప్రశ్న: మామయ్య అరికాలి మచ్చ చూసి "నీలం-తెలుపు తెర" అని రాశారు. అంటే? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇది తీవ్రంగా తీసుకోవాల్సిన మాట. మచ్చలో ఒక భాగాన మాత్రమే, అస్తవ్యస్తంగా నీలం. దానిమీద ఆవిరి పట్టిన అద్దంలా తెల్లటి మసక. కింద లోతున మెలనిన్, పైన మందమెక్కిన పొర ఉంటే ఇలా అవుతుంది. 1998లో అర్జెంజియానో బృందం ఇచ్చిన ఏడంశాల పట్టికలో ఈ గుర్తుకు రెండు మార్కులు; మొత్తం మూడు దాటినా, మూడే అయినా మెలనోమాను అనుమానించాలి. భారతీయుల్లో మెలనోమా తరచు కనిపించే చోట్లలో అరికాలు ఒకటి.

ఈ వారమే చర్మవైద్యుల దగ్గర బయాప్సీ చేయించాలి. రిపోర్టు వచ్చేదాకా సున్నం రాసి కాల్చడం, లేజర్ కొట్టించడం వద్దు; కాలిపోయిన కండలో పాథాలజిస్టు చూడదగ్గ కణాలు మిగలవు.