కాపలా లేని పాపాలు

 

వచ్చే నెల నుంచి దోహాలో, మెసాయిమీర్ చర్చిలో శుక్రవారం ఆరాధనకి నిన్ను పాటలు నడిపించమన్నారని ఫోన్లో చెప్పావు. సంతోషం. వాక్యం చెప్పడం ఎలా నేర్చుకోవాలని కూడా అడిగావు. దానికి పుస్తకాలు పంపిస్తాను. వాటికంటే ముందు నీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

నువ్వుండే లేబర్ క్యాంపు బర్వా అల్ బరాహాలో పెద్ద పాపాలకి కాపలా ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ, నడవాల్లో కెమెరాలు, ఏదైనా తేడా వస్తే టికెట్ చేతిలో పెట్టి పంపించేసే కంపెనీ. 50 వేల మందికి పైగా పట్టేలా కట్టిన చోట తాగకుండా, తన్నుకోకుండా ఉంటున్నారంటే అందులో సగం గొప్ప ఆ కాపలాదే. కాపలా లేనివల్లా చిన్నవి. ఫోర్‌మన్ మనవాడు కాబట్టి చెయ్యని గంట ఓవర్‌టైమ్ టైమ్‌షీట్‌లో ఎక్కడం. బస్సు దగ్గర నేపాలీ కుర్రాళ్లని తోసుకుని ముందు సీటు పట్టడం. జీతం పడిన రోజే ఇంటికి ఫోన్ చేసి ఇంకా పడలేదనడం. వంటగదిలో మార్కర్‌తో ఇంకొకరి పేరు రాసి ఉన్న నూనె సీసాలోంచి నాలుగు చెంచాలు వంచుకోవడం. ఈ చివరిది నువ్వే నవ్వుతూ చెప్పావు. వీటికి ఫైన్ వేసేవాళ్లు లేరు, అందుకే పాతుకుపోతాయి.

వీటన్నిటి అడుగునా ఉండేది అహంకారమే. నూనెకీ అహంకారానికీ సంబంధం ఏమిటంటావేమో. దేవుడి పనిలో మనకంటూ ఒక చోటు దొరికిన దగ్గర్నుంచీ లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. ఇంత చేస్తున్నాను కదా, ఈ కాస్తకి ఏమవుతుందిలే అని. అందరికీ ఉన్న కట్టుబాటు నాకొక్కడికీ సడలిందనుకోవడం కంటే పెద్ద గర్వం ఏముంది? గర్వం అంటే ఛాతీ విరుచుకు తిరగడం అనుకుంటాం. సంఘంలో అది చాలా మెత్తగా మాట్లాడుతుంది. ‘అంతా ప్రభువు కృప బ్రదర్’ అని కూడా అంటుంది.

యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయం ఈసారి నిదానంగా చదువు. ఆకాను యెరికోలో దొంగిలించి డేరాలో దాచిన షీనారు పైవస్త్రం, వెండి, బంగారు కమ్మీ గురించి ప్రతి పాస్టరుగారూ చెబుతారు. దానికి కాస్త ముందున్న సంగతి మీద ఎవరూ ఆగరు. హాయి పట్టణాన్ని చూసొచ్చిన వేగులవాళ్లు, అంతమందిని శ్రమ పెట్టడమెందుకు, రెండు మూడు వేలమంది చాలన్నారు. యెరికో గోడలు అప్పుడే కూలాయి, ఊపు మీదున్నారు. దేవుణ్ణి ఒక్క మాట అడిగినట్టు అక్కడ లేదు. ఒకడి దొంగతనం, అందరి ధీమా ఒకే అధ్యాయంలో ఉన్నాయి. హాయి దగ్గర ఓడిపోయి ముప్పై ఆరుగురు చచ్చారు. గెలిచిన మర్నాడే ఈ రెండూ జతకడతాయి, నా అనుభవంలోనూ అంతే.

మన తెలుగు సంఘాల చరిత్రలో దీనికి ఎదురు పాఠం ఒంగోలులో ఉంది. అక్కడి మిషనరీ క్లౌ దొర దగ్గరికి మొదట్లో పెద్ద కులాలవాళ్లు వచ్చి, మాదిగల్ని చేర్చుకోవడం మానేస్తే మేం వస్తామన్నారు. ఏ మిషనరీకైనా నోరూరే బేరం. ఆయనా భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే, లోకం నీచంగా చూసినవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటే, కళ్లబడిందట. బేరం వదులుకున్నారు. తర్వాత 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించినప్పుడు, గంజి కోసం వచ్చేవాళ్లెవరో విశ్వాసంతో వచ్చేవాళ్లెవరో తెలియదని ఏడాది పైన బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఆ లెక్క చెప్పుకుని ఈరోజుకీ మనం మీసం దువ్వుతాం. ఆపేసిన ఆ ఏడాది సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా ఆ బేరం కాదన్న సంఘాల వారసులమే మాల, మాదిగ అంటూ కుర్చీలు పంచుకున్నాం. దాని గురించి మాట్లాడితే ఉత్తరం పెద్దదవుతుంది.

మెసాయిమీర్ చర్చిల మీద బయటికి సిలువ కనబడదు. 2008లో అక్కడ మొదటి చర్చి తెరిచినప్పటినుంచీ అంతే. చూపించుకోవడానికి ఏమీ లేని ఆ చోట కూడా స్టేజీ మీద ఎవరు కూర్చోవాలన్న పోటీ ఉంటుంది. ఇక మనూళ్లో గల్ఫ్ డబ్బుతో లేచిన మందిరాల శిలాఫలకాల గోల నీకు తెలిసిందే. నీ పేరు ఎక్కడా చెక్కించకు.

పాటలైపోయాక ఎవరైనా మెచ్చుకుంటే అక్కడే నిలబడిపోకు, కుర్చీలు సర్ది గిన్నెలు కడుగు. నీ తప్పు మొహం మీద చెప్పే మనిషిని ఒకణ్ణి చూసుకో. నీ పాటకి ముచ్చటపడేవాడు దానికి పనికిరాడు. ఆ ఓవర్‌టైమ్ గంట నీ లెక్కలోనూ ఉంటే వెళ్లి కొట్టేయించు. ఫోర్‌మన్ చిరాకుపడితే పడనీ.

అర్పణ తెచ్చాక సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు ప్రభువు. కాబట్టి ఈ గురువారం రాత్రి లోపల నువ్వు నూనె వంచుకున్న ఆ సీసా ఎవరిదో అతనికి కొత్త సీసా కొనిచ్చెయ్. ఊరికే అక్కడ పెట్టి రావద్దు, ఎందుకిస్తున్నావో నోటితో చెప్పు.

మీ పెదనాన్న