అడుగుకు అంగుళం: ఇంటి కర్మశాలలో ఆవిరి ట్రాక్షన్ ఇంజను

మలేషియా గడ్డమీద తొలి రైలుబండి 1885 జూన్ 1వ తేదీన తైపింగ్ నుండి పోర్ట్ వెల్డ్ రేవు వరకు నడిచింది. దాదాపు 13 కిలోమీటర్ల ఆ దారిలో బండిని లాగినది ఆవిరి. ఆవిరి ఇంజన్ల కాలం గతించినదని మనం అనుకుంటాము గాని, పామాయిలు మిల్లులలో గెలలను ఉడికించేది నేటికీ ఆవిరే. సుమారు 3 బార్ల పీడనంలో గెలలు ఉడుకుతాయి. పండ్లను పిండగా మిగిలిన పీచు, టెంకల పెంకులే అక్కడి బాయిలర్లకు వంటచెరకు. తోటలలో జీవించిన మన పెద్దలలో పలువురికి ఇది ఎరిగిన సంగతే.

మా తండ్రిగారు పేరాక్ రాష్ట్రంలో అటువంటి ఒక మిల్లులో బాయిలరు దగ్గర పనిచేశారు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన మా ఇంటికి వచ్చి ఉన్న రోజులలోనే, ఇంటి వెనుక చిన్న కర్మశాలలో నేను ఒక ఆవిరి ట్రాక్షన్ ఇంజను నమూనాను నిర్మించడానికి పూనుకున్నాను. ఆ పనిలో నేర్చుకున్న విజ్ఞాన విషయాలను మన పిల్లల కోసం, వారికి చేదోడుగా నిలిచే తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసంలో వివరిస్తాను.

ట్రాక్షన్ ఇంజను అంటే ఏమి?

పట్టాల అవసరం లేకుండా రోడ్డుమీద, పొలంలో తనంతట తాను నడుస్తూ బరువులు లాగే ఆవిరి యంత్రమే ట్రాక్షన్ ఇంజను. అంతకు ముందు పొలాలలో నూర్పిడికి వాడే ఆవిరి యంత్రాలను గుర్రాలచేత ఒకచోటినుండి మరొకచోటికి లాగించేవారు. సొంతంగా కదలగల శక్తి ఉన్న యంత్రాన్ని జంతువులచేత లాగించడం ఏమిటని ఇంగ్లండులో థామస్ అవెలింగ్ ఆలోచించి, 1859లో అటువంటి యంత్రానికి క్రాంకు ఇరుసునుండి వెనుక చక్రాలకు గొలుసు అమర్చాడు. ఆయన సంస్థ తరువాత రోడ్డు రోలర్లకు ప్రసిద్ధి చెందింది. 1867లో స్కాట్లండుకు చెందిన ఆర్. డబ్ల్యు. థామ్సన్ తన ఆవిరి బండి చక్రాలకు దళసరి రబ్బరు పట్టాలు తొడిగాడు. కువాలా కంగ్సార్‌లో తొలి రబ్బరు మొక్కలు నాటినది 1877లో. అనగా మన తోటల రబ్బరు పుట్టకముందే ఆవిరి బండికి రబ్బరు అవసరమైనదన్న మాట.

ఇంటిలో ఇటువంటి నమూనాలు నిర్మించడం నూరేళ్లకు పైబడిన విద్య. 1898లో పెర్సివల్ మార్షల్ లండనులో "మోడల్ ఇంజనీర్" పత్రికను స్థాపించినప్పటి నుండి ఎందరో తమ పటాలను పాఠాలుగా ప్రకటించారు. వాటిలో ఎల్. సి. మేసన్ రూపొందించిన "మిన్నీ" అనే చిన్న ట్రాక్షన్ ఇంజను ప్రారంభకులకు పేరెన్నికగన్నది. దాని కొలత అడుగుకు అంగుళం, అనగా అసలు ఇంజనులో పన్నెండవ వంతు. మన పాఠానికి ఈ నిష్పత్తినే తీసుకుందాము.

పన్నెండవ వంతు లెక్క

పొడవును 12వ వంతుకు తగ్గించితే వైశాల్యం 144వ వంతుకు, ఘనపరిమాణం 1,728వ వంతుకు తగ్గుతాయి. 10 టన్నుల ఇంజను కేవలం 5.8 కిలోల నమూనా అవుతుంది. ఒక మీటరు 80 సెంటీమీటర్ల వెనుక చక్రం 15 సెంటీమీటర్లకు దిగుతుంది. బల్లమీద పెట్టగల చిన్న లేత్ యంత్రం, డ్రిల్లింగ్ యంత్రం, వైసు, ఆకురాళ్లు, గ్యాసు బ్లోల్యాంపు ఉంటే పని మొదలుపెట్టవచ్చును. మన గాలిలోని తేమకు ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది గనుక, పని ముగియగానే పనిముట్లకు నూనె పూసి ఉంచడం తప్పనిసరి.

ఇక్కడ ఒక వింత గమనించండి. పిస్టనుపై ఆవిరి చూపే బలం పిస్టను వైశాల్యాన్నిబట్టి ఉంటుంది. పీడనం ఒకటే అయితే బలం 144వ వంతుకే తగ్గుతుంది, బరువు మాత్రం 1,728వ వంతుకు తగ్గుతుంది. అందుచేత తన బరువుతో పోల్చితే నమూనా అసలు ఇంజనుకన్నా 12 రెట్లు బలమైనది. చీమ తనకన్నా ఎన్నో రెట్లు బరువు మోయడంలోని రహస్యమూ ఇదే. అయితే ఆ బలమంతా మనకు అక్కరకు రాదు. చక్రం నేలను పట్టుకొనేది బరువువల్ల గనుక, ఎక్కువ లాగించితే చక్రాలు జారి ఉన్నచోటనే తిరుగుతాయి.

కొలతలు కుదించవచ్చును గాని ప్రకృతి నియమాలను కుదించలేము. నమూనా నిర్మాణంలో ప్రతి మలుపులోను ఎదురయ్యే సత్యం ఇదే. మరి మూడు ఉదాహరణలు చూద్దాము.

మొదటిది తుప్పు. అసలు బాయిలరు ఉక్కు రేకు మందం 12 మిల్లీమీటర్లు అనుకుందాము. కాలక్రమాన ఒక మిల్లీమీటరు తుప్పు తిన్నా దానికి పోయేది పన్నెండవ వంతే. నమూనాలో ఆ రేకు మందమే ఒక మిల్లీమీటరు! తుప్పు మన నిష్పత్తిని గౌరవించదు. అందువల్లనే చిన్న బాయిలర్లను రాగితో చేస్తారు, రేకును లెక్కకన్నా దళసరిగా తీసుకుంటారు.

రెండవది పొగ. నిప్పుగదినుండి వేడివాయువులను నీటిమధ్యగా పొగగొట్టానికి చేర్చే గొట్టాలు అసలు ఇంజనులో 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటే, నమూనాలో 4 మిల్లీమీటర్లకు సన్నబడతాయి. అవి మసితో ఇట్టే పూడిపోతాయి. కనుక గొట్టాల సంఖ్య తగ్గించి, వ్యాసం పెంచుతారు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది: నీటి మట్టం చూపే గాజు గొట్టం. సన్నని గొట్టంలో నీరు దానంతట అదే పైకి ఎగబాకుతుంది. దీనిని కేశనాళికత అంటారు. 12 మిల్లీమీటర్ల లోవ్యాసంగల గాజు గొట్టాన్ని 12వ వంతుకు కుదించి ఒక మిల్లీమీటరు చేస్తే, చల్లని నీరు దానిలో దాదాపు 3 సెంటీమీటర్లు ఎగబాకుతుంది. మన బాయిలరు వ్యాసమే 6 సెంటీమీటర్లు. వేడినీటిలో ఈ ఎగబాకుడు కొంత తగ్గుతుంది గాని పోదు. లోపల నీరు అడుగంటినా, గాజులో నిండుగా కనిపిస్తుందన్న మాట. పటంలో చూపినదానికన్నా సన్నని గాజును ఎన్నడూ వాడరాదు. గాజులో కనిపించే అట్టడుగు గుర్తు సైతం నిప్పుగది పైకప్పుకన్నా తగినంత ఎత్తులో ఉండాలి. పిల్లలు వేర్వేరు లావుగల గాజు గొట్టాలను రంగునీటిలో నిలిపి ఈ వింతను స్వయంగా చూడవచ్చును.

నీరు తగ్గితే ఏమవుతుంది?

2001 జూలై 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మెడీనా పట్టణపు ప్రదర్శనశాల ఆవరణలో ఒక పాత ట్రాక్షన్ ఇంజను ప్రేలిపోయి అయిదుగురు మరణించారు, పలువురు గాయపడ్డారు. నీటి మట్టం తగ్గి, నిప్పుగది పైకప్పు రేకు నీటిపైకి తేలి, వేడికి మెత్తబడి లోనికి విచ్చుకుపోవడమే దానికి కారణం. నీరున్నంతవరకు ఆ రేకు వేడి నీటికి చేరుతుంది. నీరు దిగితే ఆ వేడికి వేరే దారి లేదు.

అది పెద్ద ఇంజను, మనది బొమ్మ కదా అనవచ్చును. లెక్క వేసి చూద్దాము. 5 బార్ల పీడనంలో నీరు దాదాపు 159 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. బాయిలరు హఠాత్తుగా పగిలితే ఆ నీరు 100 డిగ్రీలకు పడిపోతూ, అందులో తొమ్మిదవ వంతు తత్‌క్షణం ఆవిరిగా మారుతుంది. లోపల ఉన్నది అర కిలో నీరే అయినా, రెప్పపాటులో సుమారు 90 లీటర్ల ఆవిరి వెలువడుతుంది. పసిపిల్లల ముఖాలు ఆ ఇంజను చుట్టూ వంగి ఉంటాయని మరువకండి.

బాయిలరు నిర్మాణం

ట్రాక్షన్ ఇంజనుకు విడిగా చట్రం ఉండదు. బాయిలరే దాని వెన్నెముక. సిలిండరు బాయిలరు మీదనే కూర్చుంటుంది. నిప్పుగదికి రెండు ప్రక్కల లేచిన పలకలు క్రాంకు ఇరుసును మోస్తాయి. కనుక బాయిలరు వేడెక్కి సాగితే యంత్రపు కొలతలూ మారుతాయి. 20 సెంటీమీటర్ల రాగి 130 డిగ్రీల వేడి పెరిగినప్పుడు దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. పిస్టను సిలిండరు మూతలకు కొట్టుకోకుండా రెండు కొసలా ఖాళీ విడవడం ఇందుకే.

రాగి రేకును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మెత్తబడుతుంది. గట్టిచెక్క అచ్చుమీద దాని అంచులను సుత్తితో మెల్లగా మడుస్తాము. కొంతసేపటికి రాగి మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. అతుకులకు తగరపు టంకం పనికిరాదు. అది 200 డిగ్రీల పరిసరాలలోనే కరుగుతుంది, ఆవిరి వేడికి ఎంతో దగ్గర. 600 డిగ్రీలు దాటిన తరువాతనే కరిగే వెండి టంకమే వాడాలి. పాత వెండి టంకాలలో కొన్నిటిలో కాడ్మియం ఉండేది. దాని పొగ ఊపిరితిత్తులకు విషం గనుక, కాడ్మియం లేనిదానినే అడిగి కొనండి.

గుండ్రని భాగం బలమైనది. 64 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందంగల రాగి గొట్టంలో 5 బార్ల పీడనం కలిగించే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్లు మాత్రమే. మెత్తని రాగి తెగడానికి 200కు పైగా కావాలి. బలహీనత ఉండేది చదునైన పలకలలో. పీడనానికి అవి బుడగలా ఉబ్బ చూస్తాయి. వాటిని ఎదురెదురుగా పట్టి ఉంచడానికి "స్టే" అనే రాగి కడ్డీలు బిగించి, వాటి కొసలకు టంకం పెడతారు. ఒక్క కడ్డీ అతుకు చెడినా దాని భారం ప్రక్కవాటిపై పడుతుంది.

నీటి పరీక్ష

బాయిలరు పూర్తయిన నాడు మా ఇంట పండుగ వాతావరణం. ఉగాది సమావేశంలో ఇంజనును నడిపి చూపుదామని మా అబ్బాయి స్నేహితులందరికీ చెప్పివేశాడు. పండుగ నాలుగు రోజులలోకి వచ్చింది. "నాన్నగారూ, ఒక్కసారి నిప్పు వేసి చూద్దాము, కారితే ఆపేద్దాము" అన్నాడు. నాకూ తొందరగానే ఉండెను. వసారాలో కూర్చున్న మా తండ్రిగారు, "చన్నీళ్లతో చూడకుండా నిప్పు పెట్టకురా. నీళ్లు తప్పు చూపిస్తాయి, ఆవిరి శిక్ష వేస్తుంది" అన్నారు.

ఆయన మాటలోని విజ్ఞానం ఇది. చల్లని నీరు పీడనానికి దాదాపు అణగదు గనుక, దానిలో శక్తి నిలువ ఉండదు. అతుకు విడితే ఒక చుక్క జారి పీడనం వెంటనే పడిపోతుంది, ప్రేలుడు ఉండదు. కాబట్టి బాయిలరులో గాలి ఏ మాత్రం లేకుండా చన్నీరు నింపి, చేతిపంపుతో పీడనం పెంచుతారు. కొత్త బాయిలరును పనిచేసే పీడనానికి రెండింతలు, అనగా మన లెక్కలో 10 బార్ల వరకు పరీక్షించడం నమూనా నిర్మాతల ఆచారం. తరువాతి పరీక్షలలో ఒకటిన్నర రెట్లు చాలును. కొలిచే పీడనమాపకం సరియైనదని ముందే రూఢి చేసుకోవాలి.

మా పరీక్షలో ముల్లు 7 బార్లకు చేరి వెనుకకు జారింది. నిప్పుగది ప్రక్కన ఒక స్టే కొసనుండి నీటిచుక్క. కంటికి టంకం నిండుగా కనిపించిన చోటే లోపల బోలుగా ఉన్నది. ఉగాదికి ఇంజను నడవలేదు, కదలని ఇంజనునే బల్లమీద పెట్టి చూపాము. మా అబ్బాయి చిన్నబోయాడు. ఆ అతుకును శుభ్రపరచి, వెలిగారం పూసి మళ్లీ అతికి, రెండవ పరీక్షలో 10 బార్ల వద్ద ముల్లు నిలిచేదాకా నిప్పు జోలికి పోలేదు.

నీటి పరీక్ష తరువాత ఆవిరి పరీక్ష. నిప్పు ముమ్మరంగా మండుతున్నా, ఆవిరిని వాడకుండా ఆపినా, భద్రతా కవాటం ఒక్కటే పీడనాన్ని నియమిత హద్దుకు పదవ వంతుకన్నా మించకుండా అదుపులో ఉంచాలి. మలేషియాలో బాయిలర్ల తనిఖీ 1967 నాటి కర్మాగారాల, యంత్రాల చట్టం క్రింద ఉండేది. ఆ చట్టం 2024 జూన్ 1న రద్దయి, ఆ విషయాలు సవరించబడిన 1994 నాటి వృత్తిభద్రతా చట్టం క్రిందికి వచ్చినవి. కనుక బాయిలరు మొదలుపెట్టక ముందే వృత్తిభద్రతా, ఆరోగ్య శాఖ వారిని సంప్రదించి, తమ నమూనాకు వర్తించే నియమాలను తెలుసుకోవడం ప్రతి నిర్మాత బాధ్యత.

చివరకు ఒక ఆదివారం ఉదయం నిప్పు రాజేశాము. వాడినది మడ చెట్ల బొగ్గు. అది కాలిన ఊరు కువాలా సెపెతాంగ్. ఆ ఊరి పాత పేరే పోర్ట్ వెల్డ్, 1885లో తొలి రైలు చేరిన రేవు. ముల్లు కదలగానే మా అబ్బాయి రెగ్యులేటరు పిడి మీద చేయి వేయబోయి ఆగాడు. ముందుగా వంగి గాజు గొట్టంలో నీటి మట్టం చూశాడు. గొట్టం కవాటం తెరిచి మూసి, నీరు మళ్లీ అదే మట్టానికి చేరుతున్నదో లేదో పరీక్షించాడు. ఆ తరువాతనే పిడి తిప్పాడు. వాడికి ఆ వరుస ఎవరు నేర్పారో నేను అడగలేదు. వసారాలోని కుర్చీని మా తండ్రిగారు అప్పటికే ఇంజను దగ్గరకు జరుపుకున్నారు.