నార్మల్ కాదేమోనని అడిగిన చిన్నాకు



నీ ఉత్తరం చదివాను. గేనని నన్ను నమ్మి చెప్పావు, సంతోషం. ఆ మాట నా దగ్గరే ఉంటుంది. చివర్లో "నేను నార్మల్ కాదేమో పెద్దమ్మా" అని రాశావు చూడు, ఈ జవాబంతా ఆ ఒక్క వాక్యానికే. నాలుగు ఓదార్పు మాటలు రాసి ఊరుకోవడం నాకు చేతకాదు. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి సైకాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ఏది నార్మలో ఎవరు, ఎప్పుడు తేల్చారో నీకు తెలియాలి.

అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1952లో మానసిక రుగ్మతల జాబితా ఒకటి అచ్చువేసింది. అందులో నీలాంటివాళ్లను కూడా చేర్చింది. అప్పటిదాకా జరిగిన పరిశీలనలు చాలావరకు జైళ్లలో ఉన్నవాళ్ల మీద, చికిత్సకు వచ్చినవాళ్ల మీద చేసినవే. ఎవెలిన్ హుకర్ అనే సైకాలజిస్టు ఆ పద్ధతి వదిలేసి, మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్న 30 మంది గే పురుషుల్ని, గే కాని మరో 30 మందిని తీసుకుంది. అందరికీ ఒకే పరీక్షలు పెట్టి, పేర్లూ గుర్తులూ తీసేసి, ఆ రంగంలో ఆరితేరిన నిపుణుల చేతికిచ్చింది. ఎవరు ఎవరో వాళ్లు పోల్చుకోలేకపోయారు. ఆ ఫలితాలు 1957లో అచ్చయ్యాయి. అయినా జాబితా మారలేదు. ఆధారం చేతికొచ్చాక కూడా పదహారేళ్లు మారలేదు!

ఎందుకో నువ్వు ఆలోచించాలి. ఆ సంఘంలోనే గే డాక్టర్లు ఉన్నారు. బయటపడితే ఉద్యోగం పోతుంది కాబట్టి నోరు మెదపలేదు. 1972లో డల్లాస్ సమావేశంలో జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్టు ముఖానికి మాస్కు, తలకి విగ్గు పెట్టుకుని, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకు ముందు కూర్చుని, తానూ గేనే, తానూ సైకియాట్రిస్టునే అని చెప్పాడు. బయట ఉద్యమకారులు అప్పటికే గట్టిగా నిలదీస్తున్నారు. 1973 డిసెంబర్‌లో సంఘం పాలకమండలి ఆ రుగ్మతను జాబితాలోంచి తీసేసింది. కొందరు ఒప్పుకోక సభ్యులందరి చేతా ఓటు వేయించారు. 1974లో 58 శాతం మంది తీసివేతనే సమర్థించారు.

ఓట్లతో జబ్బు పోతుందా అని వెక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదట జాబితాలో చేర్చినప్పుడు ఏ ఆధారం చూపించారని మాత్రం వాళ్లు అడగరు. నేను అడుగుతాను.

మన దేశం సంగతీ చూడు. గే బంధాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ తెల్లదొరలు రాసింది, 1862లో అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు అంది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నేరమంది. 2018 సెప్టెంబర్ 6న అదే కోర్టు కాదంది. ఆ తొమ్మిదేళ్లలో ఆ మనుషుల్లో మారిందేముంది? మారిందల్లా తీర్పు రాసేవాళ్ల ఆలోచన.

నీకు చదువుంది, ఉద్యోగం ఉంది, దాచుకోవాలంటే దాచుకోగలవు. దాచుకునే వీలే లేనివాళ్ల గురించి కూడా తెలుసుకో. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమనే చట్టం హైదరాబాద్‌లో వచ్చింది. ఆడవాళ్ల బట్టలు కట్టి వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకునే వీలు ఆ చట్టం ఇచ్చేది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టేసింది. నువ్వు ఈ రోజు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నావంటే, వీధిలో దెబ్బలు తిన్న ఆ మనుషులు వెనక్కి తగ్గకపోవడం కూడా ఒక కారణం. వాళ్లెదురైతే ముఖం తిప్పుకోకు.

ఇక నువ్వు చేయాల్సిన పనులు. 'నయం చేస్తాం' అనే డాక్టరు గడప తొక్కకు. ఎవరు తీసుకెళ్లినా సరే, మీ అమ్మ ఏడ్చినా సరే. సమాజపు కట్టుబాట్లకు ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. అలాంటి 'చికిత్స' చేయడం వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. దిగులుతో నిద్ర పట్టకపోతే మాత్రం మంచి డాక్టరును కలువు. ఆ దిగులుకు మందుంది.

రెండోది పెళ్లి. "పప్పన్నం ఎప్పుడు పెడతావురా" అని ప్రతి శుభకార్యంలోనూ అడుగుతారు. అందరికీ జవాబు చెప్పనక్కర్లేదు. కానీ వాళ్ల పోరు పడలేక ఒక ఆడపిల్ల మెడలో తాళి కట్టావంటే మాత్రం నేను ఆ పిల్ల పక్షానే నిలబడతాను. ఆమె బతుకు మన ఇంటి పరువుకు అడ్డుపెట్టే తెర కాదు.

సమాజం గీసిన గీత బయట బతకడం సులువని అబద్ధం చెప్పను. పెళ్లి హక్కు కోరుతూ కోర్టుకెక్కిన వాళ్లలో హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ ఉన్నారు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. కాబట్టి రేపు నీకు తోడు దొరికితే, కాగితాలు మీరే జాగ్రత్తగా రాసుకోవాలి. జాయింటు ఖాతా తెరవడానికి, నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024లో స్పష్టం చేసింది. వీలునామా కూడా రాసుకోండి. నీ డబ్బు నీ చేతిలో ఉంచుకో. నలుగురు స్నేహితుల్ని, నిజం తెలిసినవాళ్లను, దగ్గర పెట్టుకో. ఒంటరితనం వల్ల నలిగిపోయిన పిల్లల్ని నేను కాలేజీలో చూశాను.

మీ నాన్నకు ఎప్పుడు చెప్పాలన్నది నీ ఇష్టం. ఇప్పుడే చెప్పి తీరాలని ఎవరూ నిన్ను తొందరపెట్టకూడదు, నేను కూడా. వాడు నా మరిది, వాడి కోపం నాకు కొత్త కాదు. నువ్వు రమ్మన్న రోజు వచ్చి నీ పక్కన కూర్చుంటాను. నువ్వు చెప్పమనేదాకా ఈ విషయం వాడి దగ్గర ఎత్తను.

ఇట్లు,
పెద్దమ్మ